పొలిటికల్ సైంటిస్టు రోజూ చేసే పని ఏమిటి? ఎలినార్ ఆస్ట్రమ్ గురించి ఒక జవాబు

డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. పొలిటికల్ సైన్స్ తీసుకున్నందుకు ఇంట్లో "రాజకీయాల్లోకి వెళ్తావా, టీవీలో కూర్చుని ఎన్నికల గురించి మాట్లాడతావా" అంటున్నారట. పొలిటికల్ సైంటిస్టు అసలు చేసే పని ఏమిటి, ఎలినార్ ఆస్ట్రమ్ పొలిటికల్ సైంటిస్టు అయితే ఆమెకి ఆర్థిక శాస్త్రంలో నోబెల్ ఎలా వచ్చింది అని అడిగింది.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో చాలా ఏళ్లు ఈ సబ్జెక్టే చెప్పాను. రిటైరయ్యాక నీటి సంఘాల రైతులకు శిక్షణ ఇచ్చే పనిలో కాలువల వెంట, చెరువు కట్టల మీద తిరిగాను. అందుకే ఈ రెండు ప్రశ్నలకీ కలిపి ఒకటే జవాబు రాస్తున్నాను. నా విద్యార్థుల వయసే కాబట్టి "నువ్వు" అనే రాస్తానమ్మా.

ఎన్నికలు, పార్టీలు, రాజ్యాంగం ఈ శాస్త్రంలో పెద్ద భాగమే. కానీ వాటికి అడుగున ఉన్న ప్రశ్న ఒకటే. నలుగురు కలిసి బతకాల్సిన చోట నిబంధనలు ఎవరు పెడతారు, ఎవరు పాటిస్తారు, పాటించకపోతే ఏమవుతుంది? అసెంబ్లీకీ ఈ ప్రశ్న ఉంది, అపార్ట్‌మెంట్ సంఘానికీ ఉంది, చెరువు కింద ఆయకట్టుకీ ఉంది. ఆస్ట్రమ్ ఆ మూడో రకం చోట్లకి వెళ్లి కూర్చుంది. జీవితమంతా అక్కడే పని చేసింది.

ఆమె 1933 ఆగస్టు 7న లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. తల్లిదండ్రులు విడిపోయారు, ఎక్కువగా తల్లి దగ్గరే పెరిగింది. డబ్బుకి ఇబ్బంది ఉన్న ఇల్లు. చదివింది మాత్రం బెవర్లీ హిల్స్ హైస్కూల్లో, అంటే డబ్బున్నవాళ్ల పిల్లల మధ్య. ఆ స్కూల్లో డిబేట్ టీములో ఉండేది. ఆడపిల్ల కదా, త్రికోణమితి ఎందుకని ఆ క్లాసు తీసుకోనివ్వలేదు. ఆ ఒక్క అడ్డంకి ఆమె దారినే మార్చేసింది. తర్వాత యూసీఎల్ఏలో, అంటే లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో, ఆర్థిక శాస్త్రంలో పీహెచ్‌డీ చేద్దామనుకుంటే, లెక్కల పునాది లేదని చేర్చుకోలేదు. అప్పుడు పొలిటికల్ సైన్స్‌కి వచ్చింది. అక్కడా నలభై మంది బ్యాచ్‌లో అమ్మాయిలు నలుగురే. ఆడవాళ్లకి సీటూ స్టైపెండూ ఎందుకిచ్చారని ప్రొఫెసర్లు మీటింగు పెట్టుకుని గొడవ పడ్డారని క్లాసులు మొదలయ్యాక ఆ నలుగురికీ తెలిసింది.

అంతకుముందు 1954లో డిగ్రీ అయ్యాక ఉద్యోగాలకి వెళితే, ఎక్కడికి వెళ్లినా మొదటి ప్రశ్న టైపింగ్ వచ్చా, షార్ట్‌హ్యాండ్ వచ్చా అనే. ఇవన్నీ జాలి కోసం చెప్పడం లేదు. నీకు ఇంట్లో ఎదురవుతున్న మాటలు కొత్తవి కావని తెలియాలని చెబుతున్నాను.

ఆమె పీహెచ్‌డీ విషయం భూగర్భ జలం. లాస్ ఏంజెలెస్‌కి నైరుతిగా సముద్రం పక్కన వెస్ట్ బేసిన్ అని ఒక భూగర్భ జలాశయం ఉంది. మునిసిపాలిటీలు, నీటి కంపెనీలు, పరిశ్రమలు అందరూ బోర్లు వేసి తోడేసేవారు. ఒకరు ఆపితే పక్కవాడు తోడుకుంటాడు కాబట్టి ఎవరూ ఆపరు. నీటిమట్టం సముద్ర మట్టం కంటే కిందికి దిగిపోయింది, ఉప్పునీరు లోపలికి రావడం మొదలైంది. బోర్లున్న మన ఊళ్లలో ఎవరికైనా ఈ కథ వెంటనే అర్థమవుతుంది. తీరం దగ్గరున్న ఊళ్లలోనైతే ఆ ఉప్పు సంగతి కూడా తెలుసు.

ఆమె అక్కడ చేసిన పని చూడు. ఆ జలాశయం నుంచి నీళ్లు తోడుకునేవాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘం మీటింగులకి వెళ్లి కూర్చుంది, మినిట్స్ పుస్తకాలు చదివింది, కోర్టు కాగితాలు చూసింది, మనుషులతో మాట్లాడింది. 1945లో కొందరు కోర్టుకి వెళ్లారు. కానీ జడ్జి తీర్పు కోసం చేతులు ముడుచుకు కూర్చోకుండా, కక్షిదారులే ఏళ్ల తరబడి బేరాలాడుకుని ఎవరెంత తగ్గించుకోవాలో ఒప్పందానికి వచ్చారు. ఎవరెంత తోడుతున్నారో చూసి అందరికీ లెక్క చెప్పే మనిషిని పెట్టుకున్నారు. తీరం వెంట వరసగా బావులు వేసి, వాటిలోకి మంచినీళ్లు ఎక్కించి, సముద్రపు నీరు రాకుండా అడ్డుకట్ట లాంటిది చేశారు. ఇదంతా పై నుంచి ఒక్క ఆర్డరుతో జరగలేదు, ఎవరి వాటా వాళ్లకి రాసిచ్చి వదిలేసినందువల్లా జరగలేదు. 1965లో ఆమె థీసిస్ పూర్తయింది. అప్పటికి దీన్ని ఏ సిద్ధాంతం కింద పెట్టాలో ఆమెకీ పూర్తిగా తెలియదు. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ దీని దగ్గరికే వచ్చింది.

యూసీఎల్ఏలో ఆమెకి సెమినార్ చెప్పిన విన్సెంట్ ఆస్ట్రమ్‌ని 1963లో పెళ్లి చేసుకుంది. ఇండియానా యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది ఆయనకి. ఆమెకి దొరికింది మంగళ, గురు, శనివారాలు పొద్దున్న ఏడున్నరకి మొదటి ఏడాది పిల్లలకి అమెరికా ప్రభుత్వం గురించి చెప్పే క్లాసు. ఎవరూ తీసుకోని టైము అది. ఆ క్లాసుతోనే ఆ యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్‌లో అడుగు పెట్టి, చనిపోయేదాకా ఆ ఊళ్లోనే ఉంది.

తర్వాత చేసిన పోలీసుల అధ్యయనం గురించి చాలామందికి తెలియదు. నేను మాత్రం క్లాసులో ఎప్పుడూ ముందు దీన్నే చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లో అమెరికాలో నగరాల చుట్టూ చిన్న చిన్న పోలీసు శాఖలు చాలా ఉండేవి. వీటన్నిటినీ కలిపి ఒకే పెద్ద శాఖ చేస్తే ఖర్చు తగ్గుతుంది, పని బాగుంటుంది అని పెద్ద పెద్ద కమిటీలు చెప్పాయి. వినడానికి సబబుగానే ఉంది. ఆస్ట్రమ్ అడిగింది, ఎవరైనా వెళ్లి చూశారా అని. ఇండియానాపొలిస్‌లో ఒకే రకం మనుషులుండే పక్క పక్క పేటలు తీసుకుంది, కొన్ని పెద్ద నగర శాఖ కింద, కొన్ని చిన్న సొంత శాఖల కింద. విద్యార్థులతో కలిసి ఇంటింటికీ వెళ్లి అడిగింది. ఫోన్ చేస్తే ఎంత సేపట్లో వచ్చారు, దొంగతనం జరిగితే ఏం చేశారు, మీకు నమ్మకం ఉందా. తర్వాత షికాగో దగ్గర పేద నల్లజాతి ఊళ్లలో, సెయింట్ లూయిస్‌లో, చివరికి ఎనభై మహానగర ప్రాంతాల్లో ఇదే పని చేశారు. వీధి గస్తీ, పిలిస్తే రావడం లాంటి పనుల్లో పెద్ద శాఖ చిన్న, మధ్యరకం శాఖల కంటే మెరుగని ఎక్కడా తేలలేదు. క్రైం ల్యాబ్ లాంటివాటికి మాత్రం పెద్దదే మేలు. అంటే "పెద్దదా చిన్నదా" అన్న ప్రశ్నే సరిగ్గా లేదు. ఏ పనికి ఏ సైజు అన్నది ప్రశ్న.

నీ మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. అందరూ నిజమని ఒప్పుకున్న మాటని పట్టుకుని, దాన్ని పరీక్షించగలిగే చోటు వెతికి, అక్కడికి వెళ్లి, ఒకేలాంటి రెండింటిని పక్కపక్కన పెట్టి చూడడం. పొలిటికల్ సైంటిస్టు రోజూ చేసే పని ఎక్కువ భాగం ఇదే. మిగిలింది రాయడం, క్లాసులు చెప్పడం.

1973లో ఆ దంపతులు యూనివర్సిటీలో ఒక చిన్న కేంద్రం పెట్టారు. దానికి ఇన్‌స్టిట్యూట్ అనో సెంటర్ అనో కాకుండా వర్క్‌షాప్ అని పేరు పెట్టుకున్నారు. ఇద్దరికీ వడ్రంగం ఇష్టం. ఒక వడ్రంగి దగ్గర పని నేర్చుకుని ఇంటికి కావలసిన ఫర్నిచర్ తయారు చేసుకున్నారు. పరిశోధన కూడా పక్కన నిలబడి చేస్తూ నేర్చుకునేదే అని వాళ్ల నమ్మకం.

ఇక ఆమెకి పేరు తెచ్చిన పని. 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. అందరికీ చెందిన పచ్చిక బయలు ఉంటే, ప్రతి కాపరీ ఇంకో పశువుని వదలడమే తనకి లాభం అనుకుంటాడు, చివరికి గడ్డి మొత్తం పోయి అందరూ నాశనమవుతారు అని. దీని నుంచి ప్రభుత్వాలు రెండే దారులు తీసుకున్నాయి: పంచి ప్రైవేటు చేసెయ్యడం, లేదా ప్రభుత్వమే స్వాధీనం చేసుకుని కాపలా పెట్టడం. మన దగ్గర అడవులు, చెరువులు, బంజర్ల విషయంలో ఈ రెండూ చూశాం.

ఆస్ట్రమ్ హార్డిన్ చెప్పినది ఎప్పుడూ జరగదని అనలేదు. కొన్ని చోట్ల జరుగుతుంది, కొన్ని చోట్ల జరగదు, ఎందుకు అని అడిగింది. ప్రపంచమంతటా వేరే వేరే పరిశోధకులు ఎవరి శాఖలో వాళ్లు రాసిపెట్టిన ఊళ్ల కథలు ఎన్నో ఉన్నాయి. ఒకరు మానవశాస్త్రం, ఒకరు వ్యవసాయం, ఒకరు చేపలు. ఒకరు రాసింది ఇంకొకరు చదవరు. ఆమె వర్క్‌షాప్ వాటిని పోగేసి, అన్నిటికీ ఒకే ప్రశ్నలు వేసి చదివింది. 1990లో వచ్చిన "గవర్నింగ్ ది కామన్స్" ఆ చదువు ఫలితం.

అందులోని ఉదాహరణలు కొన్ని చెబుతాను, ఎందుకంటే ఆ పుస్తకం బలం వాటిలోనే ఉంది. స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊరు. శీతాకాలంలో నీ సొంత గడ్డితో ఎన్ని ఆవుల్ని మేపగలవో, వేసవిలో ఉమ్మడి కొండ మీదికి అన్నే తోలాలి అని 1517లోనే రాసుకున్నారు. ఎక్కువ తోలిన వాడికి జరిమానా వేసే మనిషికి అందులో సగం వచ్చేది. స్పెయిన్‌లో వాలెన్సియా. కాలువల రైతుల నీటి కోర్టు ప్రతి గురువారం మధ్యాహ్నం కథీడ్రల్ తలుపు బయట కూర్చుంటుంది. లాయర్లు లేరు, అంతా నోటి మాటే, అక్కడికక్కడే తీర్పు. జపాన్‌లో హిరానో లాంటి ఊళ్లలో ఉమ్మడి కొండల మీద కాపలాకి మనుషుల్ని పెట్టేవారు. వేళ కాని వేళ గడ్డి కోసుకున్నవాడు దొరికితే, కాపలావాడు కాస్త డబ్బూ సాకే అనే వాళ్ల సారాయీ అడిగి పుచ్చుకోవడాన్ని తప్పుగా చూసేవారు కాదు. మళ్లీ మళ్లీ చేస్తే మాత్రం శిక్ష పెరుగుతూ పోయేది.

నాకు అన్నిటికంటే నచ్చింది టర్కీలోని అలాన్యా. చేపలు పట్టేవాళ్లు మంచి చోట్ల కోసం కొట్టుకునేవాళ్లు. 1970ల మొదట్లో వాళ్ల సహకార సంఘం ఏళ్ల పాటు తంటాలు పడి ఒక పద్ధతి తయారు చేసింది. వల వేసే చోట్లన్నిటికీ పేర్లు పెట్టి జాబితా రాశారు. ఒకరి వల ఇంకొకరి చేపల్ని ఆపనంత దూరంలో చోట్లు ఎంచుకున్నారు. సెప్టెంబరులో చీటీలు తీసేవారు. అక్కడి నుంచి జనవరి దాకా ప్రతి పడవా రోజుకి ఒక చోటు తూర్పుకి జరిగేది, జనవరి నుంచి మే దాకా పడమరకి. చేపలు వలస పోయే దిక్కుని బట్టి అలా పెట్టుకున్నారు. అందరికీ అన్ని చోట్లూ వచ్చేవి. ఇంకా గొప్ప సంగతి, కాపలాకి పైసా ఖర్చు ఉండేది కాదు. ఈ రోజు మంచి చోటు ఎవరి వంతో వాడు తెల్లారేసరికి అక్కడ ఉండేవాడు, ఇంకొకడు వస్తే వాడే ఊరుకునేవాడు కాదు. ఏ ఆఫీసులో కూర్చున్న అధికారికీ ఆ చోట్లన్నీ తెలియవు, ఆ నిబంధన తట్టదు.

నిలిచిన సంస్థలన్నిటిలో కనిపించిన లక్షణాలు ఎనిమిది అని ఆమె రాసింది. పరీక్షల కోసం ఎనిమిదీ బట్టీ పట్టే పిల్లల్ని చాలామందిని చూశాను. బట్టీ పట్టొద్దు. ఎవరు సభ్యులో, వనరు హద్దు ఎక్కడో తెలియడం, నిబంధన ఆ ఊరి నీటికీ నేలకీ సరిపోవడం, పాటించేవాళ్లకే మార్చుకునే హక్కు ఉండడం, ఇలాంటివి ఒకసారి చదివితే అర్థమవుతాయి. రెండింటి దగ్గర మాత్రం ఆగు. ఒకటి, మొదటి తప్పుకి శిక్ష చిన్నదిగా ఉండడం. పైరులో పడ్డ పశువుని బందెల దొడ్డిలో పెట్టి కొద్ది జరిమానాతో విడిచిపెట్టడం మన ఊళ్లలో పాత పద్ధతే. మొదటిసారే పెద్ద దెబ్బ కొడితే మనిషి ఎదురు తిరుగుతాడు. చిన్న జరిమానా అయితే "అందరూ గమనిస్తున్నారు" అని తెలుస్తుంది, పక్కవాళ్లకి కూడా "మనం పాటిస్తుంటే ఇంకొకడు మోసం చేయడం లేదు" అన్న ధైర్యం వస్తుంది. రెండోది, ఊరివాళ్లు పెట్టుకున్న నిబంధనని ప్రభుత్వం తోసిపుచ్చకపోవడం. ఈ రెండోది లేక మన దగ్గర ఎన్ని పద్ధతులు పోయాయో చెప్పలేను.

ఇప్పుడు నేపాల్ సంగతి. నీటి మీద పని చేసేవాళ్లందరూ ఇది చదవాలని నా కోరిక. ఆమె బృందం, అక్కడి పరిశోధకులు కలిసి వందకు పైగా సాగునీటి వ్యవస్థల్ని పోల్చారు. కొన్ని రైతులే కట్టుకుని నడుపుకునేవి, రాళ్లూ కొమ్మలూ మట్టీ వేసి ఆనకట్ట, ప్రతి ఏడూ వరదకి కొట్టుకుపోతుంది. కొన్ని ప్రభుత్వం ఇంజనీర్లతో కట్టించిన సిమెంటు కట్టడాలు. ఏది బాగా పనిచేయాలి? సిమెంటుదే అనిపిస్తుంది. కానీ చివరి భూములకి నీళ్లు చేరడంలో, పంట దిగుబడిలో మొత్తం మీద రైతులవే మెరుగ్గా ఉన్నాయి.

కారణం ఆమె చెప్పిన తీరు చూడు. మట్టి ఆనకట్ట ఏటా తెగుతుంది. దాన్ని మళ్లీ కట్టాలంటే చాలామంది కూలి కావాలి. కాలువ తల దగ్గరున్న రైతుకి చివర ఉన్న రైతు చెయ్యి అవసరం. కాబట్టి అతనికి నీళ్లు వదలక తప్పదు, లేకపోతే వచ్చే ఏడు పనికి రాడు. సిమెంటు కట్టడం వచ్చాక తల రైతుకి చివరి రైతుతో పనిలేదు. నీళ్లు ముందు తన పొలంలోకే వస్తాయి. అతను చెడ్డవాడు కాలేదు. అతన్ని పక్కవాడితో కట్టిపడేసిన అవసరం పోయింది, అంతే. సిమెంటు వద్దని ఆమె అనలేదు. కట్టేటప్పుడు ఆ బేరంలో చివరి రైతు బలం ఏమవుతుందో ముందే ఆలోచించి, ఆ బలాన్ని ఇంకో రకంగా నిలబెట్టాలని చెప్పింది.

నేను శిక్షణకి వెళ్లిన ప్రతి కాలువ దగ్గరా ఇదే ప్రశ్న పెట్టేవాణ్ణి: పైవాళ్లకి మీతో ఏ అవసరం ఉంది? చివరి ఆయకట్టు రైతులు మొదట తెల్లబోయేవాళ్లు, తర్వాత గంటల కొద్దీ మాట్లాడేవాళ్లు. అంతకుముందు పూడిక తీతకి ఊళ్లన్నీ కలిసి వచ్చేవని, ఇప్పుడు కాంట్రాక్టరు యంత్రం పెట్టి తీస్తాడని, అప్పటి నుంచి తమని పలకరించేవాళ్లు లేరని.

మన నేలతో ఆమె పనికి నిజమైన సంబంధం ఉంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలువ కింద ఊళ్లలో ఏళ్ల పాటు పని చేసి 1988లో "విలేజ్ రిపబ్లిక్స్" అనే పుస్తకం తెచ్చాడు. కొన్ని ఊళ్లలో రైతులు ఉమ్మడిగా నీళ్లు పారించే మనుషుల్ని, పొలం కాపలావాళ్లని పెట్టుకుని జీతాలిచ్చేవారు. ఊరికి ఒక ఉమ్మడి నిధి ఉండేది. కోత అయ్యాక పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కుని మందలవాళ్లకి వేలం వేసి డబ్బు పోగేసేవారు. పంచాయతీరాజ్‌తో దీనికి సంబంధం ఉండేది కాదు, ప్రభుత్వ కాగితాల్లో ఉండేది కాదు. అన్ని ఊళ్లలోనూ ఉండేది కాదు. కాలువ చివర్న నీటికి కటకట ఉన్న ఊళ్లలో ఉండేది, తలవైపు నీళ్లు పుష్కలంగా ఉన్న ఊళ్లలో ఉండేది కాదు. పక్కపక్క ఊళ్లు, ఒకే రకం మనుషులు, ఒకే భాష. సంస్కృతి వల్ల కాదు, నీటి అవసరం వల్ల. ఆస్ట్రమ్ ఈ పనిని ఎంతో గౌరవంతో తన పుస్తకంలో వాడుకుంది. తెలంగాణ చెరువుల కింద నీళ్లు పారించే మనిషిని ఊరే పెట్టుకునే నీరటి వ్యవస్థ, నీళ్లు తక్కువైన ఏడు ఏ మేరకు సాగు చేయాలో నిర్ణయించి అందరికీ కొంత కొంత పంచే తైబందీ కూడా ఈ కోవలోవే.

ఆమె 2011 జనవరిలో హైదరాబాద్ వచ్చింది. ఉమ్మడి వనరుల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం మహాసభ ఆ ఏడు అక్కడ జరిగింది. నోబెల్ వచ్చి ఏడాది దాటిందంతే.

ఆమె చెప్పిన దానికి మన ప్రభుత్వం చేసిన దానికి తేడా ఎక్కడుందో కూడా చెప్పాలి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి వ్యవస్థల యాజమాన్యం రైతులకి అప్పగించే చట్టం వచ్చింది. పదివేలకు పైగా నీటి సంఘాలు ఏర్పడ్డాయి. అప్పటిదాకా దేశంలో ఎవరూ అంత పెద్ద ఎత్తున చేయలేదు, ఆ సాహసాన్ని తక్కువ చేయను. మొదట్లో పూడిక తీశారు, తూములు బాగుచేశారు, చాలా చోట్ల చివరి భూములకి నీళ్లు అందాయి. కానీ నిబంధనలన్నీ ఒకే అచ్చు, చిన్న చెరువుకీ పెద్ద ప్రాజెక్టుకీ. నీళ్లు ఎప్పుడు వదలాలన్న నిర్ణయం, డబ్బు చేతికి ఇచ్చే అధికారం నీటిపారుదల శాఖ దగ్గరే ఉండిపోయాయి. రికార్డులో పేరు లేని కౌలు రైతుకి ఓటు లేదు. నిజంగా నాగలి పట్టేది కౌలు రైతు అయిన డెల్టా ఊళ్లలో దీని అర్థం ఏమిటో ఆలోచించు. ఆస్ట్రమ్ లక్షణాల జాబితాని పై నుంచి అమలు చేయాల్సిన చెక్‌లిస్టుగా వాడితే ఇలాగే అవుతుంది. ఏ ఊరికైనా సరిపోయే మందు ఒకటి ఉందని నమ్మొద్దని ఆమె చివరిదాకా చెబుతూనే వచ్చింది.

ఆమె పనిలో లోటు కూడా ఉంది. ఊరు అనగానే అందులో అందరికీ మాట ఉన్నట్టు ఆమె నమూనాలు కొన్నిసార్లు అనుకుంటాయి. కర్నూలు ఊళ్లలో ఆ ఉమ్మడి సంస్థలు నడిపింది భూములున్న పెద్ద రైతులు. చివరి భూముల్లో వాళ్ల పొలం ముక్కలూ ఉన్నాయి కాబట్టి శ్రద్ధ పెట్టారు. భూమి లేని మాల, మాదిగ కుటుంబాలకి, ఆడవాళ్లకి ఆ మీటింగులో చోటు లేదు. బాగా పనిచేసే సంస్థ న్యాయమైన సంస్థ కాకపోవచ్చు. ఈ ప్రశ్న మన దగ్గర నుంచే బలంగా రావాలి, నీలాంటి పిల్లలు అడగాలి. ఆమె ఇచ్చిన పనిముట్లతోనే అడగొచ్చు: హద్దు ఎవరు గీశారు, మార్చే హక్కు ఎవరికుంది?

నోబెల్ ఎందుకు ఆర్థిక శాస్త్రంలో వచ్చిందంటే, పొలిటికల్ సైన్స్‌కి నోబెల్ లేదు. పైగా ఆమె పరీక్షించింది ఆర్థిక శాస్త్రం నడిబొడ్డున ఉన్న ఒక నమ్మకాన్ని, ఎవరి లాభం వాళ్లు చూసుకునే మనుషులు బయట నుంచి బలవంతం లేకుండా కలిసి నిలబడలేరు అన్నదాన్ని. ఊళ్లు చూడడంతో ఆగలేదు. రాయ్ గార్డ్‌నర్, జేమ్స్ వాకర్ అనే ఆర్థికవేత్తలతో కలిసి ప్రయోగశాలలో విద్యార్థుల చేతికి నిజమైన డబ్బు ఇచ్చి, అందరూ తోడుకోగల ఒక ఉమ్మడి నిధి పెట్టి ఆడించింది. మాట్లాడుకోనివ్వకపోతే ఉమ్మడి నిధిని పీల్చేశారు. కలిసి కూర్చుని మాట్లాడుకోనిస్తే, ఆ మాటకి ఎవరూ కట్టుబడాల్సిన అవసరం లేకపోయినా, ఫలితం చాలా మెరుగైంది. జరిమానా ఎంతో వాళ్లే నిర్ణయించుకున్న చోట ఇంకా బాగుంది. 2009 అక్టోబరులో ఆలివర్ విలియమ్సన్ అనే ఆర్థికవేత్తతో కలిపి బహుమతి ప్రకటించినప్పుడు చాలామంది ఆర్థికవేత్తలకి ఆమె పేరే తెలియదు. ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమె. వచ్చిన డబ్బు వర్క్‌షాప్‌కే ఇచ్చేసింది. క్యాన్సర్‌తో 2012 జూన్ 12న చనిపోయింది. ఆ నెలలోనే, పదిహేడు రోజుల తర్వాత విన్సెంట్ కూడా పోయారు.

ఇక నీ సంగతి. లెక్కలు రావని ఈ సబ్జెక్టులోకి వచ్చి ఉంటే, లెక్కల్ని వదిలెయ్యొద్దు. స్కూల్లో త్రికోణమితి చదవనివ్వని ఆ మనిషే నలభై ఏడెనిమిదేళ్ల వయసులో జర్మనీలోని బీలెఫెల్డ్ వెళ్లి ఆర్థికవేత్త రైన్‌హార్ట్ సెల్టెన్ దగ్గర గేమ్ థియరీ, అంటే ఒకరి నిర్ణయం మీద ఇంకొకరి లాభనష్టాలు ఆధారపడే చోట ఎవరేం చేస్తారో లెక్కగట్టే శాస్త్రం, నేర్చుకుంది. కనీసం స్టాటిస్టిక్స్ ఒక పేపరు తీసుకో. ఉద్యోగాల టెన్షన్ నాకూ తెలుసు, గ్రూప్స్ రాయాలంటే రాయి, ఈ చదువు దానికి అడ్డం కాదు. ఎంఏకి వెళ్లాలనుకుంటే మాత్రం ఇప్పుడే ఒక ఫీల్డ్ పని చెయ్యి. మీ ఊళ్లోనో అమ్మమ్మ ఊళ్లోనో ఒక చెరువు తీసుకో, దానికి దగ్గర్లోనే ఇంకో చెరువు తీసుకో, ఒకటి బాగా ఉన్నది, ఒకటి పాడైనది. శిఖం భూమి, అంటే చెరువు మునక కింద ఉండే నేల, ఎవరి చేతిలో ఉంది, తూము ఎవరు ఎత్తుతారు, పోయిన కరువులో నీళ్లు ఎలా పంచుకున్నారు, చేపల డబ్బు ఎటు పోతుంది, తప్పు చేసినవాణ్ణి ఎవరు అడిగారు, ఈ ఐదూ రెండు చోట్లా అడుగు. కట్ట మీద కనిపించిన పెద్దమనిషితో ఆగకుండా చివరి మడి రైతునీ, కూలికి వెళ్లే ఆడవాళ్లనీ విడిగా అడుగు. ఇద్దరూ చెప్పింది వేరేగా ఉంటే రెండూ రాసుకో, ఏది నిజమో అప్పుడే తేల్చకు. తహశీల్దార్ ఆఫీసులో పాత రికార్డు చూపించమని దరఖాస్తు కూడా పెట్టు, ఆలస్యమవుతుంది కాబట్టి మొదటి వారంలోనే పెట్టు. రాసింది నాకు పంపితే చదువుతాను.